కళ్లు వెనక్కి ఎందుకు వెళ్తాయి? చదివే చూపును వెతికి, చూపు పోగొట్టుకున్న డాక్టర్ జవాల్

బోధన్ బస్టాండు బయట ఓసారి నిలబడి దుకాణాల బోర్డులు చదవండి. ఒకటి తెలుగులో ఉంటుంది, పక్కది ఉర్దూలో, ఇంకొకటి ఇంగ్లిష్‌లో. సరిహద్దు అవతలి నుంచి వచ్చే బండ్ల మీద మరాఠీ. తెలుగు, ఇంగ్లిష్, మరాఠీ చదివేటప్పుడు చూపు ఎడమ నుంచి కుడికి పోతుంది. ఉర్దూకు కుడి నుంచి ఎడమకు. నిజాం జమానాలో బడికి వెళ్లిన తాతలకు ఈ రెండు దారులూ అలవాటే. బడిలో, కచేరీలో సర్కారు భాష ఉర్దూ. ఇంటికొస్తే రామాయణమో భాగవతమో తెలుగులో.

ఏ దారిలో పోయినా కళ్లు చేసే ఒక పని మాత్రం మారదు. ముందుకు పోతూ పోతూ మధ్యలో ఆగి, అప్పుడే చదివిన మాట దగ్గరికి వెనక్కి వెళ్తాయి. చూసుకుని మళ్లీ ముందుకు వస్తాయి. ఈ నాలుగు వాక్యాలు చదివేలోపే మీ కళ్లు కూడా ఆ పని చేసే ఉంటాయి. మీకు తెలియదంతే.

నిజామాబాద్ నుంచి బాసర వెళ్లి పిల్లలకు అక్షరాభ్యాసం చేయించి వచ్చే కుటుంబాలు ఎన్నో. పలక మీద దిద్దించిన అక్షరం రెండో తరగతికో మూడో తరగతికో వాక్యమవుతుంది. అప్పటి నుంచి ఇంట్లో కొత్త బెంగ మొదలు. బాబు చదివిందే మళ్లీ చదువుతున్నాడు, పాప వేలు పెట్టుకుని వెనక్కి వెనక్కి పోతోంది, ఏదైనా లోపమేమో అని. స్పీడ్ రీడింగ్ నేర్పే క్లాసులు కొన్ని అసలు వెనక్కి చూడటమే తప్పంటాయి. దాన్ని మాన్పిస్తామని ఫీజు కూడా తీసుకుంటాయి. అది తప్పు కాదని, చదవడంలో అదీ ఒక భాగమేనని ఇవాళ నేత్ర పరిశోధకులు చెప్పగలుగుతున్నారు. ఆ దారిలో మొదటి అడుగులు వేసినవారిలో ఫ్రాన్స్ కంటి వైద్యుడు లూయీ ఎమిల్ జవాల్ ఒకరు. కంటి వైద్యం చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిన పేరు అది. చదివే కళ్లను అంతగా పరిశీలించిన ఆ మనిషి చివరి ఏళ్లలో ఒక్క అక్షరం కూడా చూడలేకపోయారు. కారణం గ్లకోమా. మనం నీటికాసులు అని పిలుచుకునే జబ్బు.

గనుల చదువు నుంచి కంటి చదువుకు

జవాల్ 1839 మే 5న పారిస్‌లో పుట్టారు. అల్సాస్ ప్రాంతం నుంచి వచ్చిన యూదు కుటుంబం. తండ్రి లియోపోల్డ్ జవాల్ బ్యాంకరు, వ్యవసాయం మీద మక్కువ ఉన్న భూస్వామి, చట్టసభ సభ్యుడు. డబ్బుకు కొదవ లేదు. కొడుకు గనుల ఇంజినీరింగ్ చదివాడు. ఆ లెక్కన భూమి లోపల ఏముందో వెతకాల్సిన మనిషి.

దారి మళ్లించింది ఇంట్లోవాళ్ల కళ్లే. తండ్రికీ, చెల్లెలు సోఫీకీ మెల్లకన్ను. మెల్లకన్నుకు అప్పట్లో ఎక్కువగా చేసే వైద్యం కత్తితోనే. కంటిగుడ్డును పట్టి ఉంచే కండరాన్ని కోసి సరిచేసేవారు. ఫలితం చాలాసార్లు అంతంత మాత్రం. కళ్లు రెండూ నిటారుగా కనిపించినా, రెండూ కలిసి పనిచేయడం నేర్చుకోకపోతే ఏం లాభం అన్నది జవాల్ ఆలోచన. స్టీరియోస్కోప్ అనే బొమ్మల పెట్టెతో చెల్లెలి చేత ఓపికగా కంటి కసరత్తులు చేయించారు. గనులు వదిలి వైద్యంలో చేరారు. బెర్లిన్ వెళ్లి, ఆ కాలపు మేటి కంటి వైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫ్ దగ్గర నేర్చుకున్నారు. 1868లో డాక్టరు పట్టా కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథం కూడా మెల్లకన్ను మీదే. ఇవాళ పిల్లల కంటి విభాగాల్లో ఆర్థోప్టిక్స్ పేరుతో చేయించే చికిత్సకు ఆద్యుడిగా ఆయన్నే చెబుతారు.

ఇంజినీరు బుద్ధి మాత్రం పోలేదు. కంటిని ఆయన ఒక యంత్రంలా కొలిచి చూడాలనుకున్నారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ కంటి చూపు గురించి రాసిన పెద్ద గ్రంథాన్ని ఫ్రెంచిలోకి తెచ్చినవారిలో ఆయన ఒకరు. 1878లో సోర్బాన్‌లో నేత్ర పరిశోధనశాల పెట్టి 1900 దాకా నడిపారు. నార్వే నుంచి వచ్చిన యాల్మార్ షియొట్జ్ అనే యువ వైద్యుడితో కలిసి 1881లో కంటి నల్లగుడ్డు వంపును కొలిచే యంత్రం తయారుచేశారు. మీకు కళ్లద్దాల చీటీలో సిలిండర్ పవర్ రాసి ఉందా? నల్లగుడ్డు వంపు అన్ని వైపులా ఒకేలా లేకపోతే వచ్చే తేడా అది. దాన్ని గుణించి చూడటం ఆ యంత్రంతో సులువైంది. శుక్లం ఆపరేషన్‌కు ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి, కంట్లో వేసే లెన్స్ నంబరు కోసం తీసే కొలతల్లో ఈ వంపు కొలత కూడా ముఖ్యమైంది. మిషన్లు ఇప్పుడు కంప్యూటర్‌వి అయ్యాయి. కొలిచేది మాత్రం అదే.

మధ్యలో 1885 నుంచి 1889 దాకా పార్లమెంటు సభ్యుడిగానూ పనిచేశారు. అది ఆయన జీవితంలో చిన్న భాగం. మనకు కావలసిన కథ 1878లో మొదలైంది.

జారడం కాదు, గెంతడం

చదివేటప్పుడు చూపు అక్షరాల మీద నీళ్లు పారినట్టు సాఫీగా జారుతుందని అందరం అనుకుంటాం. 1878, 79ల్లో జవాల్ చదువులో కంటి పని గురించి వరుసగా వ్యాసాలు రాశారు. కళ్లు గెంతుతూ పోతాయన్న సంగతి ఆ కాలంలోనే వెలుగులోకి వచ్చింది. కుదుపు అనే అర్థం వచ్చే ‘సకాడ్’ అనే ఫ్రెంచి మాటే ఇప్పుడు ప్రపంచమంతటా వైద్య పుస్తకాల్లో ఉంది.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. ఈ గెంతులను కనిపెట్టింది జవాల్ ఒక్కరే అని చాలా పుస్తకాల్లో రాస్తుంటారు. నిజానికి వాటిని లెక్కపెట్టింది ఆయన పరిశోధనశాలలో పనిచేసిన లమార్ అనే సహచరుడు. మూసిన పైరెప్పకు చిన్న సాధనం ఆనించి, రబ్బరు గొట్టాలతో దాన్ని చెవులకు కలిపి, కన్ను గెంతినప్పుడల్లా వచ్చే చప్పుడును విన్నాడు. వరుసకు ఎన్ని చప్పుళ్లో అన్ని గెంతులు. ఆ వివరాలు 1892లో అచ్చయ్యాయి. హెరింగ్ కూడా ఇలాగే విని తెలుసుకున్నాడు. అయినా జవాల్ వేసిన ప్రశ్న పెద్దది. చదివేటప్పుడు కన్ను ఏం చేస్తోంది, ఎందుకు అలసిపోతోంది, అక్షరాన్ని ఎలా అచ్చువేస్తే ఆ అలసట తగ్గుతుంది అని అడిగి, దాని వెంట పడిన వైద్యుడు ఆయనే.

మీరూ ఇంట్లోనే చూడొచ్చు. పాత పేపరు మధ్యలో పెన్ను పట్టేంత రంధ్రం చేయండి. పేపరును పిల్లవాడి ఎదురుగా పట్టుకుని రంధ్రం చుట్టూ ఉన్న వార్తను మనసులో చదవమనండి. వెనుక నుంచి రంధ్రంలోంచి వాడి కళ్లను గమనించండి. టిక్ టిక్‌మని గడియారం ముల్లులా కదులుతాయి. వరుస చివర ఒక పెద్ద గెంతు, మళ్లీ చిన్న గెంతులు. జాగ్రత్తగా చూస్తే మధ్యమధ్యలో వెనక్కి వచ్చే చిన్న గెంతు కూడా దొరుకుతుంది.

తర్వాతి తరాలు పట్టుకున్న లెక్కలు ఇవి. కన్ను ఒక్కోచోట సుమారు సెకనులో నాలుగో వంతు ఆగుతుంది. చదివేది ఆ ఆగినప్పుడే. గెంతుకు సుమారు 30 మిల్లీసెకన్లు. ఆ సమయంలో వచ్చే మసక దృశ్యాన్ని మెదడు పట్టించుకోదు. బాగా చదవగలిగే పెద్దవాళ్లలో కూడా ప్రతి 100 గెంతుల్లో 10 నుంచి 15 వెనక్కే ఉంటాయి. ఇంగ్లిష్ చదివే మనిషి ఒక్క చూపులో ఎడమ వైపు మూడు నాలుగు అక్షరాలు, కుడి వైపు 14, 15 అక్షరాల దాకా ఎంతో కొంత సమాచారం అందుకుంటాడు. ఉర్దూ చదివేవారికి ఇది తిరగబడుతుంది, ఎక్కువ అందేది ఎడమ వైపు నుంచే. రెండూ వచ్చిన మనిషి మెదడు లిపి మారగానే తనంతట తానే గేరు మార్చుకుంటుంది. బోధన్ తాతలు రోజూ చేసిన పని ఇదే.

జవాల్ గమనించిన ఇంకో సంగతి అచ్చువాళ్లకు బాగా నచ్చింది. అక్షరం పైసగంలో ఉన్నంత గుర్తు కింది సగంలో ఉండదని ఆయన చూపించారు. ఇంగ్లిష్ వరుస కింది సగాన్ని అట్టముక్కతో మూసినా చదవగలం. పైసగం మూస్తే తడబడతాం. ఇదే పని తెలుగు మీద చేసి చూడండి. తలకట్టు, గుడి, ఏత్వం అన్నీ పైనే ఉన్నాయి కాబట్టి కొంతవరకు సాగుతుంది. కానీ మన ఒత్తులు కిందుంటాయి. కింద మూసేస్తే ‘గుడ్డి’ కాస్తా ‘గుడి’ అయిపోతుంది. ఒత్తులు వరుసల మధ్య ఇరుక్కుపోయేలా అచ్చువేసిన పుస్తకాలు, ఒత్తును సగం కత్తిరించే ఫోన్ ఫాంట్లు కళ్లను ఎందుకు మాటిమాటికీ వెనక్కి రప్పిస్తాయో దీన్నిబట్టే తెలుస్తుంది. తప్పు చదివేవాడిది కాదు.

చైనా లిపిలో పల్లీల తిరకాసు

జవాల్ చూసినవి పాశ్చాత్య అక్షరాలే. అమెరికాలో ఎడ్మండ్ హ్యూయీ ఇంకాస్త ముందుకు పోయాడు. కంటికి మత్తు చుక్కలు వేసి, నల్లగుడ్డు మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన చిన్న గిన్నెను తొడిగి, దానికి అల్యూమినియం ముల్లు తగిలించి, కన్ను కదిలినట్టల్లా మసిపట్టిన కాగితం మీద గీత పడేలా చేశాడు. వింటేనే కళ్లు నీళ్లు తిరుగుతాయి. 1901కల్లా రేమండ్ డాడ్జ్ కంటిని ముట్టుకోకుండా, నల్లగుడ్డు మీద పడిన వెలుగు చుక్కను ఫొటో తీసే పద్ధతి తెచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఫొటో పద్ధతితోనే 1925లో వాల్టర్ మైల్స్, యూజీన్ షెన్ అనే ఇద్దరు స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న చైనా విద్యార్థుల కళ్లను పరీక్షించారు. చైనా రాత అప్పట్లో పైనుంచి కిందికి నిలువు వరుసల్లో ఉండేది. అదే పాఠాన్ని అడ్డంగానూ నిలువుగానూ ఇచ్చి చూశారు. అలవాటైన నిలువు వరుసల్లోనే వాళ్ల చదువు త్వరగా సాగింది. లిపి మారినా, దిక్కు మారినా కళ్లు మాత్రం గెంతి, ఆగి, వెనక్కి వచ్చి, మళ్లీ గెంతాయి.

చైనా లిపిలో కళ్లు వెనక్కి రావడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. అక్కడ మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. గళ్ల నోటుబుక్కులో గడికొకటి చొప్పున రాసినట్టు గుర్తులన్నీ సమాన దూరంలో వరుసగా ఉంటాయి. ఎక్కడ ఒక మాట ముగిసిందో చదివేవాడే తేల్చుకోవాలి. హువా అంటే పువ్వు. దాని పక్కన షెంగ్ వస్తే రెండూ కలిసి హువాషెంగ్, అంటే పల్లీలు. కానీ ఆ షెంగ్ తర్వాత జాంగ్ అనే గుర్తు వచ్చిందనుకోండి. షెంగ్‌జాంగ్ అంటే పెరగడం. ఇప్పుడు మొదటి గుర్తు విడిపోయి పువ్వుగా మిగలాలి. పల్లీలనుకుని ముందుకు పోయిన మనసు, పువ్వు పెరుగుతోందని సరిదిద్దుకోవడానికి కళ్లను వెనక్కి పంపుతుంది.

మనకూ ఇది కొత్తేమీ కాదు. పాత తాళపత్రాల్లో, శాసనాల్లో మాటల మధ్య ఖాళీలు ఉండేవి కావు. ‘వాడుకలకన్నాడు’ అని కలిపి రాసి ఉందనుకోండి. వాడుకల కన్నా అని మొదలుపెడతాం. చివర డు కనబడగానే ఆగి, వెనక్కి వెళ్లి, వాడు కల కన్నాడు అని విడగొట్టుకుంటాం. ఆ వెనక్కి వెళ్లడం బలహీనతా? కాదు, అర్థం తప్పకుండా చూసుకునే తెలివి.

మరి మాటల మధ్య ఖాళీలు పెడితే చైనావాళ్లు ఇంకా వేగంగా చదువుతారా? 2008లో వచ్చిన ఒక పరిశోధనలో అలా పెట్టి చూశారు. వేగం పెరగలేదు, తగ్గనూ లేదు. అలవాటు లేని ఖాళీలతో వచ్చిన ఇబ్బందీ, మాటలు విడిగా కనబడటంతో వచ్చిన సౌకర్యమూ ఒకదానికొకటి చెల్లుబాటయ్యాయని పరిశోధకులు భావించారు. చైనా లిపిలో ఒక్కో చూపుకు ఎడమన ఒక గుర్తు, కుడిన మూడు గుర్తుల దాకా అందుతాయి. ఇంగ్లిష్‌తో పోలిస్తే ఇది చిన్న కిటికీ. కానీ ఒక్కో గుర్తులో సరుకు ఎక్కువ. అందుకే మొత్తం మీద చదివే వేగంలో రెండు భాషలవాళ్లూ దగ్గరదగ్గరగానే ఉంటారు.

వెనకడుగును మాన్పిస్తే ఏమవుతుందో కూడా చూశారు. 2014లో అమెరికాలోని శాన్ డియేగోలో చేసిన పరీక్షలో, చదువుతున్నవారి కళ్లు ఒక మాటను దాటగానే కంప్యూటర్ ఆ మాటను కప్పేసింది. వెనక్కి వచ్చినా చూడటానికి ఏమీ మిగల్లేదు. వాక్యం అర్థం కావడం తగ్గిపోయింది. కష్టమైన వాక్యాల్లోనే కాదు, తేలిక వాక్యాల్లోనూ. వెనక్కి చూడొద్దని పిల్లలకు నేర్పే క్లాసులకు డబ్బు కట్టే ముందు ఈ ఒక్క పరీక్ష గుర్తు తెచ్చుకుంటే చాలు.

అలాగని ప్రతి తడబాటునూ వదిలేయమని కాదు. ఒక పిల్లవాడు తోటివాళ్ల కంటే మరీ ఎక్కువగా వెనక్కి పోతుంటే, వరుసలు తప్పుతుంటే, పుస్తకం ముఖానికి దగ్గరగా పెట్టుకుంటుంటే, చదవగానే తలనొప్పి అంటుంటే ముందు చేయించాల్సింది కంటి పరీక్ష. అద్దాల అవసరమో, చిన్నపాటి మెల్లకన్నో బయటపడొచ్చు. కళ్లు బాగానే ఉండి చదువు మాత్రం సాగకపోతే డిస్‌లెక్సియా లాంటి ఇబ్బంది ఉందేమో నిపుణులతో చూపించాలి. అలాంటి పిల్లల్లో కళ్లు ఎక్కువసార్లు వెనక్కి పోవడం చదువు కష్టమైనందువల్ల వచ్చిన ఫలితమే తప్ప, ఆ కష్టానికి మూలం కాదు. కంటి కసరత్తులతో డిస్‌లెక్సియా పోదు. జవాల్ కసరత్తులు చేయించింది మెల్లకన్నుకు. ఆ రెంటినీ కలపకూడదు.

చప్పుడు చేయని దొంగ

జవాల్‌కు గ్లకోమా వచ్చింది. చూపు ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చి, 1900 నాటికి రెండు కళ్లూ పూర్తిగా చీకటి. అప్పటికి వయసు 61. యూరప్‌లో కంటి గురించి ఆయన కంటే ఎక్కువ తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అయినా ఆ తెలివి ఆయన చూపును కాపాడలేకపోయింది. కంట్లో ఒత్తిడిని ఏళ్ల తరబడి అదుపులో ఉంచే ఇప్పటి చుక్కల మందులు, లేజర్లు అప్పట్లో లేవు. ఒత్తిడిని నమ్మకంగా కొలిచే సాధనమే సరిగా లేదు. వేలితో కంటిగుడ్డును నొక్కి, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని అంచనా వేసేవారు. తమాషా ఏమిటంటే, ప్రపంచమంతా దశాబ్దాల పాటు వాడిన ఒత్తిడి కొలిచే సాధనాన్ని 1905లో తెచ్చింది ఆయన పాత సహచరుడు షియొట్జే. జవాల్ కళ్లకు అప్పటికే ఐదేళ్లు ఆలస్యం.

కంటి వెనుక నుంచి మెదడుకు వెళ్లే నరం మెల్లగా దెబ్బతినడమే గ్లకోమా. కంట్లో ఒత్తిడి పెరగడం దానికి ముఖ్య కారణం. మన దగ్గర కనిపించే గ్లకోమాలో చాలా భాగం నొప్పి లేకుండా వస్తుంది. మొదట పోయేది పక్కచూపు. ఎదురుగా ఉన్న అక్షరం బాగానే కనిపిస్తుంది కాబట్టి అనుమానమే రాదు. ఒక కన్ను పోగొట్టుకున్నదాన్ని రెండో కన్ను కప్పిపుచ్చుతుంది. తెలిసేసరికి చాలా పోయి ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలినదాన్ని మాత్రం నిలబెట్టుకోవచ్చు.

1996 నుంచి 2000 వరకు ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో 10 వేల మందికి పైగా కళ్లను పరీక్షించింది. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, మహబూబ్‌నగర్‌తో పాటు గోదావరి అవతల మనకు పొరుగున ఉన్న ఆదిలాబాద్ కూడా అందులో ఉంది. హైదరాబాద్‌లో నొప్పి లేని రకం గ్లకోమా బయటపడినవారిలో ప్రతి పది మందిలో తొమ్మిది మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. పెద్ద ఆసుపత్రులున్న నగరంలోనే ఆ పరిస్థితి.

చదువుకునే అలవాటున్నవారికి పేపరే ఒక హెచ్చరిక కావచ్చు. ఇన్నాళ్లూ సాఫీగా చదివిన నాన్న ఉన్నట్టుండి వరుస దాటి కింది వరుసలోకి పోతున్నా, తర్వాతి వరుస మొదలు ఎక్కడో వెతుక్కుంటున్నా, లైటు చాలడం లేదని పదేపదే అంటున్నా వయసు మీద తోసేయకండి. అర్థం కోసం వెనక్కి రావడం వేరు, దారి తప్పి వెతుక్కోవడం వేరు. మెట్లు దిగేటప్పుడు తడబడటం, పక్క నుంచి వచ్చే బండి కనిపించకపోవడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అయితే చాలామందిలో ఇవేవీ కనిపించకముందే జబ్బు ముదురుతుంది. అందుకే 40 దాటాక కళ్లు చూపించుకోమంటారు. అమ్మానాన్నలకో, అన్నదమ్ములకో, అక్కచెల్లెళ్లకో గ్లకోమా ఉంటే ఇంకా ముందే.

ఖలీల్‌వాడికి అద్దాల నంబరు మార్పించుకోవడానికి వెళ్లినప్పుడే ఇంకో మాట అడగండి. ఒత్తిడి ఒక్కటే చూస్తే చాలదు. కంట్లో ఒత్తిడి మామూలుగా ఉన్నా నరం దెబ్బతిన్నవాళ్లుంటారు. నరాన్ని కూడా చూడమనండి, అనుమానం ఉంటే పక్కచూపు కొలిచే ఫీల్డ్ టెస్ట్ చేస్తారు. చుక్కల మందు రాసిస్తే అది బీపీ మాత్రలాంటిది. బాగానే ఉంది కదా అని మానేస్తే లోపల నష్టం సాగుతూనే ఉంటుంది. కళ్లు ఎర్రబడ్డాయని, దురదని మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు కొనుక్కుని నెలల తరబడి వేసుకోవడం ఇంకో ప్రమాదం. వాటివల్లే ఒత్తిడి పెరిగి గ్లకోమా తెచ్చుకునేవాళ్లున్నారు. కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పి, వాంతులు, లైట్ల చుట్టూ రంగుల వలయాలు, చూపు మసకబారడం ఒక్కసారిగా వస్తే తెల్లారే దాకా ఆగొద్దు. అది వేరే రకం గ్లకోమా కావచ్చు. గంటల మీద తేడా వస్తుంది.

చీకట్లో రాసిన పుస్తకాలు

చూపు పోయాక జవాల్ ఇంట్లో కూర్చోలేదు. ఇంజినీరు మళ్లీ బయటికొచ్చాడు. గుడ్డివారు వరుస తప్పకుండా చేత్తో రాసుకునేలా ఒక రాతబల్ల తయారుచేసుకున్నారు. ముందు చూపున్న మనిషిని కూర్చోబెట్టుకుని, తను వెనుక తొక్కుతూ ఇద్దరు తొక్కే ట్రైసికిల్ మీద తిరిగేవారు. శరీరం కదలకపోతే మనసు కుంగుతుందని ఆయన గట్టి నమ్మకం. ఆ వయసులో బ్రెయిలీ నేర్చుకున్నారు. కళ్లతో ఒక్క చూపులో అందేది వేలికొసకు ఒక్కో అక్షరంగానే అందుతుందన్న తేడా ఆయనకంటే బాగా ఇంకెవరికి తెలుస్తుంది?

1903లో ‘గుడ్డివాళ్ల మధ్య’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం రాశారు. పెద్ద వయసులో చూపు పోయినవారికి రాసిన చేతిపుస్తకం అది. తినడం, నడవడం, ప్రయాణాలు, ఉత్తరాలు రాయడం లాంటి రోజువారీ సంగతులే అందులో ఎక్కువ. రెండేళ్లకే ఇంగ్లిష్‌లోకీ వచ్చింది. జాలి కోరే రాత కాదు. తనకు పనికొచ్చింది ఇంకొకరికి పనికొస్తుందని రాసింది. ఇప్పుడు చదివినా, ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్లున్నవారికి అందులో కొత్త సంగతులు దొరుకుతాయి.

1905లో ఆయన అసలు పుస్తకం వచ్చింది. చదవడం, రాయడంలో కంటి పని గురించి పాతికేళ్లుగా పోగేసినదంతా అందులో పెట్టారు. అక్షరాల ఆకారం, వరుసల పొడవు, కాగితం రంగు, బడిలో వెలుతురు, పిల్లల కూర్చునే తీరు అన్నీ. తాను ఒక్క పేజీ కూడా చూడలేని పుస్తకం అది.

చివరి ఏళ్లలో ఆయన్ను పట్టుకున్న ఇంకో వ్యసనం ఎస్పెరాంటో. దేశాలన్నింటికీ ఒకే భాష ఉండాలని 1887లో ఆ భాషను ప్రపంచం ముందుంచిన జామెన్‌హోఫ్ కూడా కంటి వైద్యుడే, వార్సాలో. ఇద్దరికీ స్నేహం కుదిరింది. జవాల్ ఉత్తరాలు రాశారు, డబ్బు సాయం చేశారు. ఒక్క విషయంలో మాత్రం పేచీ పడ్డారు. ఎస్పెరాంటోలో ఆరు అక్షరాల నెత్తిన గుర్తులుంటాయి. అవి చదివేవారి కంటికి ఇబ్బందని, తీసేయాలని జవాల్ పట్టుబట్టారు. చూపు లేని మనిషి ఇతరుల చూపు కోసం చేసిన వాదన అది. ఆ గుర్తులు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

1907 జనవరి 20న జవాల్ పారిస్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది హ్యూయీ చదువు గురించి రాసిన పెద్ద పుస్తకం అమెరికాలో అచ్చయింది. కళ్లు గెంతుతూ చదువుతాయన్న సంగతి బడిపంతుళ్ల దాకా చేరింది దాని వల్లే. అందులో జవాల్ పేరు మొదటి అధ్యాయాల్లోనే కనిపిస్తుంది.